మ్యూజియంలో ఫోన్ గైడ్ ఎలా వాడుకోవాలి: బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగోళ్ళ కోసం

ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తా. మన బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ ఇళ్ళల్లో సంగతి మీకు తెలిసిందే కదా, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, పిల్లలు స్కూల్లో చదివేది ఒడియానో ఇంగ్లిషో, తాతయ్యలకి తెలుగు చదవడం వచ్చు గానీ అద్దం వెనకాల ఉన్న చిన్న అక్షరాలు కనపడవు, పిల్లలకి కళ్ళు బానే ఉంటాయి గానీ తెలుగు అక్షరాలు రావు. అంటే భువనేశ్వర్ మ్యూజియంలో రేపు ఎవరైనా తెలుగు బోర్డు పెట్టినా మన ఇళ్ళల్లో సగం మందికి లాభం లేదు. అదే తెలుగులో ఎవరైనా చెప్తే మాత్రం అమ్మమ్మ నుంచి ఐదేళ్ళ గుంటడి దాకా అందరికీ అర్థమైపోతుంది. అందుకే మనకి చెవిలో చెప్పే గైడ్ మిగతావాళ్ళ కంటే ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం, అది తెలుగులో దొరక్కపోతే మనమే తయారు చేసుకోవచ్చు, అది కూడా కింద చెప్తాను.

ముందు రకాలు. కొన్ని మ్యూజియంల్లో టికెట్ కౌంటర్ దగ్గరే ఒక మెషిన్ ఇస్తారు, టీవీ రిమోట్ లాగ నంబర్ల బటన్లు ఉంటాయి, మెడలో వేసుకునే తాడు, ఒక హెడ్‌ఫోన్. వస్తువు పక్కన ఉన్న నంబర్ కొట్టి ప్లే నొక్కితే దాని గురించి చెప్తుంది. కొత్తవాటిల్లో నంబర్ కూడా అక్కర్లేదు, బ్లూటూత్ సిగ్నల్ ఇచ్చే చిన్న డబ్బాలు గోడకి పెడతారు, మీరు దగ్గరకి వెళ్ళగానే అదే మొదలెట్టేస్తుంది. రెండో రకం మ్యూజియం వాళ్ళ యాప్, మన ఫోన్‌లోనే. మూడోది క్యూఆర్ కోడ్, కెమెరా పెడితే పేజీ తెరుచుకుంటుంది. అన్నింట్లోకీ తలనొప్పి ఎక్కువ క్యూఆర్ తోనే, ఎందుకంటే దానికి నెట్ కావాలి, మందం గోడల బిల్డింగుల్లో నెట్ ఉండదు.

ఈ గైడ్ మెషిన్లు ఏదో నిన్న మొన్న వచ్చినవి కావు. 1952 లోనే ఆమ్‌స్టర్‌డాంలో స్టెడెలిక్ మ్యూజియం వాళ్ళు చిన్న రేడియోలు చేతికిచ్చి వినిపించారు. రేడియో కాబట్టి అందరికీ ఒకే టైంకి ఒకే మాట వినిపించేది, గుంపు గుంపంతా ఒకే బొమ్మ దగ్గర ఆగి ఒకేసారి కదిలేవాళ్ళు. 2012 లో పారిస్ లూవ్ర్ వాళ్ళైతే నింటెండో గేమ్ మెషినే గైడ్ కింద ఇచ్చారు. ఇప్పుడు ఆపుకునే బటన్ మన చేతిలోనే ఉంది, కానీ మనోళ్ళు దాన్ని నొక్కరు, మెషిన్ చెప్పుకుంటూ పోతుంది వీళ్ళు దాని వెనకాల పరిగెడుతుంటారు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు రోజు రాత్రి చేసుకోవాల్సినవి. ఇంట్లో వైఫై ఉండగానే యాప్ డౌన్‌లోడ్ చేసి, లోపల ఆడియో ఫైళ్ళు కూడా దించుకునే ఆప్షన్ ఉందేమో చూడండి, చాలామంది యాప్ ఒక్కటే దించి ఊరుకుంటారు, అక్కడికెళ్ళాక ఒక్కో ఆడియోకి చక్రం తిరుగుతూనే ఉంటుంది. దించాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక ఆడియో ప్లే చేసి చూడండి, అప్పుడు ప్లే అయితేనే నిజంగా దిగినట్టు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ప్యాక్ కూడా ఆఫ్‌లైన్‌కి పెట్టుకోండి. ఒడియా కూడా 2020 నుంచి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఉంది, ఆఫ్‌లైన్‌కి దొరుకుతుందో లేదో చూసుకోండి. గవర్నమెంట్ వాళ్ళ భాషిణి అనే ట్రాన్స్‌లేట్ యాప్ కూడా ఉంది, ఒడియా తెలుగు రెండూ చేస్తుంది, రెండూ పెట్టుకుంటే ఒకటి తడబడినప్పుడు ఇంకోటి పనికొస్తుంది. వైరు ఇయర్‌ఫోన్ పట్టుకెళ్ళండి, మ్యూజియం మెషిన్లకి సన్న పిన్ పట్టే రంధ్రం ఉండొచ్చు, ఎవరెవరో పెట్టుకున్న హెడ్‌ఫోన్ కంటే మనదే నయం. పవర్ బ్యాంక్ మర్చిపోకండి, కెమెరా, ఆడియో, స్క్రీన్ అన్నీ కలిపి వాడితే మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుంది. బ్యాగ్ లాకర్లో పెట్టమంటారు కాబట్టి పవర్ బ్యాంక్ జేబులో పట్టేదే తీసుకోండి.

సెలవు రోజు కూడా చూసుకోండి, మ్యూజియంలకి ఎక్కువగా సోమవారం సెలవు, హైదరాబాద్ సాలార్‌జంగ్‌కి మాత్రం శుక్రవారం. మనవైపు నుంచి పొద్దున్నే ట్రైన్ పట్టుకుని భువనేశ్వర్ వెళ్ళి తాళం చూసి రావడం కంటే ఇంకో బాధ లేదు.

కౌంటర్ దగ్గర మొహమాట పడకండి. ఆడియో గైడ్ ఉందా అని వాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మనమే అడగాలి, మనం అడగకపోతే అది అల్మారాలోనే ఉండిపోతుంది. ఏ భాషల్లో ఉందో అడగండి, పిల్లల వెర్షన్ ఉందేమో కూడా అడగండి. డిపాజిట్ కింద ఏదో ఒక ఐడీ కార్డు పెట్టుకుంటారు, ఆధార్ బదులు ఇంకేదైనా కార్డు ఇస్తే నయం. మెషిన్ చేతికి రాగానే అక్కడే నిలబడి ఒక నంబర్ కొట్టి రెండు చెవుల్లోనూ వస్తోందా, వాల్యూమ్ బటన్ పని చేస్తోందా చూసుకోండి, లోపలికి వెళ్ళి మూడో గదిలో అది చచ్చిపోతే మళ్ళీ వెనక్కి రావడానికి ఎవరికీ ఓపిక ఉండదు. మెషిన్లు రెండే తీసుకుని నలుగురు పంచుకుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట, ఒక ఇయర్‌ఫోన్ ఇద్దరు చెరో చెవికి పెట్టుకుంటే ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ నడవాలి, భార్యాభర్తలకి ముచ్చటగా ఉంటుందేమో గానీ తాతగారికీ మనవడికీ కుదరదు.

ఇప్పుడు అసలు విషయం, వినడం ఎలాగ. నేను చెప్పేది ఒకటే, ముందు చూడండి, తర్వాత నొక్కండి. వస్తువు దగ్గరికి వెళ్ళగానే ప్లే నొక్కేస్తే కళ్ళు ఫోన్ స్క్రీన్ మీదకి పోతాయి, గొంతు చెప్పేది పూర్తవగానే ఇది అయిపోయిందిలే అని కాళ్ళు ముందుకి కదిలిపోతాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇద్దరు పరిశోధకులు జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కేసి 2001 లో రాశారు, సగటున 27 సెకన్లు, సగం మందైతే 17 సెకన్లు కూడా ఆగలేదట, లేబుల్ చదవడం కూడా అందులోనే. కాబట్టి ముందు ఆ 17 సెకన్లు మీ కళ్ళకి ఇవ్వండి, ఇదేంటి, ఏ లోహం, చేతిలో ఏం పట్టుకుంది, ముక్కు ఎందుకు విరిగింది అని ఒక ప్రశ్న పుట్టనివ్వండి, అప్పుడు ప్లే నొక్కితే చెప్పే మాటలు తగులుకుంటాయి. మధ్యలో "ఎడమ చేతి వైపు చూడండి" అంటే పాజ్ నొక్కి చూడండి, చూశాక మళ్ళీ నొక్కండి. పాజ్ నొక్కినందుకు ఎవరూ డబ్బులు ఎక్కువ అడగరు.

అన్నీ వినకండి. ఇది చెప్తే డబ్బులు పెట్టి తీసుకున్నాం కదా అంటారు. గైడ్‌లో వంద నంబర్లు ఉండొచ్చు, వందా విన్నవాడికి ఒక్కటీ గుర్తుండదు. మ్యూజియంలో కాళ్ళూ బుర్రా రెండూ అలిసిపోతాయని 1916 లోనే బెంజమిన్ గిల్మన్ అనే అమెరికా ఆయన వ్యాసం రాశారు, అద్దాల పెట్టెల్లో వస్తువులు చూడటానికి మనిషి ఎలా వంగి మెడ తిప్పి కష్టపడుతున్నాడో ఫోటోలు తీసి మరీ చూపించారు. గదికి రెండో మూడో అనుకోండి, మిగతావి ఊరికే నడుచుకుంటూ చూసేయండి. బెంచీ కనపడితే కూర్చుని వినండి, కూర్చున్న చోటు నుంచి కనపడే వస్తువు నంబరే కొట్టండి. ముందు రాత్రి ఇంట్లో గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ లాంటి చోట ఫోటోలు చూసి ఏవి చూడాలో ఎవరికి వాళ్ళు ఒకటి ఎంచుకుంటే ఇంకా బావుంటుంది, సాలార్‌జంగ్ మ్యూజియం, కలకత్తా ఇండియన్ మ్యూజియం రెండూ అందులో ఉన్నాయి.

ఫోటోల గురించి కూడా ఒక మాట. అమెరికాలో లిండా హెంకెల్ అనే ప్రొఫెసర్ మ్యూజియంలోనే ప్రయోగం చేసి చూశారు, మొత్తం వస్తువుని ఫోటో తీసినవాళ్ళకి ఊరికే చూసినవాళ్ళ కంటే తక్కువ గుర్తుంది, కానీ జూమ్ చేసి ఏదో ఒక భాగం తీసినవాళ్ళకి మాత్రం ఆ నష్టం లేదు. కాబట్టి విగ్రహం మొత్తం తీయకండి, దాని కాలి అందె ఒక్కటి తీయండి, లేకపోతే రాతి మీద ఒక్క అక్షరం. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు, ఫోటోకి పర్మిషన్ ఉందో లేదో గది గదికీ మారుతుంది కూడా.

లేబుల్స్ సంగతికి వద్దాం. గూగుల్ లెన్స్ పెట్టి ట్రాన్స్‌లేట్ కొడితే తెలుగులో వచ్చేస్తుంది, అక్కడే స్పీకర్ గుర్తు నొక్కితే చదివి వినిపిస్తుంది కూడా, తెలుగు అక్షరాలు రాని పిల్లలకి ఈ స్పీకరే దారి. ఇంగ్లిష్ లేబుల్ ఉంటే దాని మీదే పెట్టండి, ఒడియా చెక్కుడు అక్షరాల మీద పెడితే తికమక పడొచ్చు. పేర్ల దగ్గర మాత్రం మెషిన్‌ని నమ్మకండి, రాజుల పేర్లూ ఊర్ల పేర్లూ మామూలు మాటలనుకుని అర్థం చెప్పేస్తుంటుంది, శతాబ్దాల దగ్గర క్రీస్తు పూర్వమా తర్వాతా అన్నది ఒరిజినల్‌లో ఇంకోసారి చూసుకోండి. విదేశాల్లో కొన్ని మ్యూజియంల్లో క్యూఆర్‌పీడియా అని ఒకటి ఉంది, 2011 లో ఇంగ్లాండ్ డెర్బీ మ్యూజియంలో మొదలైంది, కోడ్ స్కాన్ చేస్తే మీ ఫోన్ ఏ భాషలో ఉందో చూసి వికీపీడియాలో ఆ భాష వ్యాసం ఇస్తుంది. మన దగ్గర అది లేకపోయినా అదే పని మనం చేతితో చేసుకోవచ్చు, వస్తువు పేరు ఇంగ్లిష్ వికీలో తెరిచి భాషల లిస్టులో తెలుగుకి మారితే సరి, తెలుగులో లేకపోతే ఒడియాలో ఉందేమో చూసి పిల్లల చేత చదివించి మనం తెలుగులో చెప్పుకోవచ్చు.

ఇక మనమే గైడ్ తయారు చేసుకోవడం, నాకు అన్నింట్లోకీ ఇష్టమైన పని ఇది. పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. ఫ్యామిలీలో ఒక గ్రూప్ పెట్టండి, ఎనిమిదో పదో వస్తువులు ఎంచుకోండి, ఒక్కోదానికి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర రికార్డ్ చేయండి. ఫ్యాన్ ఆపేసి, తలుపేసి, బట్టల బీరువా ముందు నిలబడి మాట్లాడితే గది మోత రాదు. పేపర్ చూసి చదవకండి, చదివితే వార్తలు చదివినట్టే ఉంటుంది, ముందు రెండుసార్లు చదువుకుని తర్వాత అది పక్కన పెట్టి అత్తకో మావయ్యకో చెప్తున్నట్టు చెప్పండి. మొదటి మాట ఎక్కడ నిలబడాలో చెప్పాలి, రెండో మాట ఎటు చూడాలో, ఆ తర్వాతే కథ. ప్రతి వాయిస్ మెసేజ్‌కి ముందు ఆ వస్తువు ఫోటో ఒకటి పెట్టండి, గుర్తుపట్టడానికీ పనికొస్తుంది, మెసేజ్‌లు వరసగా ఉంటే ఒకటి అవ్వగానే రెండోది దానంతటదే మొదలైపోతుంది, ఫోటో అడ్డం ఉంటే ఆగుతుంది. వినేటప్పుడు ఫోన్ మామూలుగా కాల్ మాట్లాడినట్టు చెవికి ఆనించుకుంటే స్పీకర్ ఆగి చెవిలోనే వినిపిస్తుంది, ఇయర్‌ఫోన్ లేని పెద్దవాళ్ళకి ఇది చాలా సుఖం, పక్కవాళ్ళకీ గోల ఉండదు.

ఏం చెప్పాలి అంటే, కంటికి కనపడేది కాదు, కనపడనిది చెప్పాలి. మన గంజాం జిల్లాలోనే పురుషోత్తంపురం దగ్గర జౌగడ ఉంది కదా, ఋషికుల్య ఒడ్డు ప్రాంతం, చాలామంది తారాతారిణి గుడికి వెళ్ళి అటు వెళ్ళకుండానే వచ్చేస్తారు. మ్యూజియం కాదు గానీ ప్రాక్టీసుకి అంతకంటే మంచి చోటు లేదు. రాతి మీద అశోకుడి శాసనాలు, బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి, చూస్తే గీతల్లా ఉంటాయి తప్ప మనకేం తెలీదు. అక్కడ గైడ్ ఏం చెప్పాలి? అశోకుడు కళింగ యుద్ధం చేసి బాధపడ్డాడు అని అందరూ చెప్తారు. కానీ వేరే చోట్ల వరసగా చెక్కించిన శాసనాల్లో ఆ బాధ అంతా రాసుకున్న 13వది జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ లేదు. ఓడిపోయిన కళింగ నేల మీద ఉన్న ఈ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలు తీసేసి వాటి బదులు వేరే రెండు చెక్కించాడు, మనుషులందరూ నా బిడ్డలే అని అందులో ఉంది, అధికారులు జనాన్ని ఊరికే జైల్లో పెట్టకూడదు అని కూడా ఉంది. ఎక్కడో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో లక్ష మంది చచ్చిపోయారు అని చెప్పుకున్నవాడు, ఆ చచ్చిపోయినవాళ్ళ ఊళ్ళో మాత్రం ఆ లెక్క రాయించలేదు. ఇది రాయి చూస్తే తెలీదు, ఎవరో చెవిలో చెప్తేనే తెలుస్తుంది, అందుకే దీనికి వాయిస్ మెసేజ్ కావాలి. ధౌళిలో అయితే రాతిలోంచి సగం బయటికి వచ్చినట్టు చెక్కిన ఏనుగు ఉంది, అక్కడ మాత్రం గైడ్ ఎక్కువ మాట్లాడకూడదు, ఏనుగుని చూడనివ్వాలి.

ఇంకోటి, గైడ్ గొంతు చదువుకున్నవాళ్ళదే అవ్వాలని లేదు. భువనేశ్వర్‌లో కళాభూమి అని క్రాఫ్ట్స్ మ్యూజియం ఉంది, 2018 లో తెరిచారు, మట్టి బొమ్మలు, పటచిత్రాలు, మైనం అచ్చు పోసి చేసే ఢోక్రా ఇత్తడి బొమ్మలు, చేనేత గ్యాలరీ అన్నీ ఉన్నాయి. ఆ చేనేత దగ్గర నిలబడి వినడానికి మన బరంపురం దేరా వీధుల్లో పట్టు నేసిన పెద్దాయన గొంతు కంటే ఏ మెషిన్ బావుంటుంది చెప్పండి. బరంపురం పట్టుకి ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది అని లేబుల్ చెప్తుంది, అంచు మీద గుడి గోపురాల్లా లేచే కుంభం ఎలా తీస్తారు, పోగు తెగితే ఏం చేస్తారు, మగవాళ్ళు కట్టుకునే పట్టు పంచె, జోడా, ఎవరికి నేసేవారు, అది నేసినవాళ్ళకే తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే. వెళ్ళే ముందు ఆదివారం ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి ఫోన్ పక్కన పెట్టి మాట్లాడించండి, రికార్డ్ చేస్తున్నానని చెప్పి మరీ చేయండి, ఎవరెవరికి పంపుతున్నారో కూడా చెప్పండి. మొదటి రెండు నిమిషాలు బిగుసుకుపోతారు, టీ వచ్చాక దారిలో పడతారు. అలాగే ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాళపత్రాల గది దగ్గర, గంటంతో గీసి మసి రుద్దడం చూసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళ చేత చెప్పించండి, అడ్డంగా తిన్నటి గీతలు గీస్తే ఆకు చీలుతుందని అక్షరాలు గుండ్రంగా తిప్పారంటారు, ఒడియాకీ తెలుగుకీ ఆ గుండ్రం ఎందుకొచ్చిందో పిల్లలు అక్కడే రెండు లిపులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు.

పెద్దవాళ్ళతో వెళ్తే వాయిస్ మెసేజ్ స్పీడ్ మామూలుగానే ఉందో లేదో చూడండి, పిల్లలు 2 రెట్లు పెట్టేసి ఫోన్ ఇచ్చేస్తారు, తాతయ్య ఏంటో గొణుగుతోంది అని పక్కన పెట్టేస్తారు. వినికిడి మెషిన్ పెట్టుకున్నవాళ్ళకి ఇయర్‌ఫోన్ బదులు చెవి మీద నుంచి వచ్చే పెద్ద హెడ్‌ఫోన్ నయం. చిన్నపిల్లలకి మొత్తం ఆడియో వద్దు, "ఈ గదిలో ఏనుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అని పది సెకన్ల మెసేజ్ పెట్టండి చాలు, వాళ్ళే మిమ్మల్ని లాక్కెళ్తారు.

గైడ్ జేబులో పెట్టేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి 2002 నుంచి మ్యూజియం అయ్యింది, 91 మీటర్ల పొడుగు ఇనప గొట్టంలో వంగి వంగి నడవాలి, వెనకాల జనం తోస్తుంటారు, ఆగి ఆడియో వినడానికి చోటుండదు, సిగ్నలూ ఉండదు. పైగా లోపల రిటైరైన నేవీ వాళ్ళే నిలబడి చెప్తారు, వాళ్ళని ప్రశ్నలు అడగండి, ఇన్నేళ్ళు నీళ్ళ కింద బతికిన మనిషి ఎదురుగా ఉంటే చెవిలో రికార్డింగ్ ఎందుకు. వినాలనుకున్నది బయట క్యూలో ఉన్నప్పుడే వినేయండి. ఎదురుగానే నేవీ వాళ్ళ పాత విమానం టీయూ-142 మ్యూజియంగా ఉంది, 2017 లో పెట్టారు, అక్కడ టికెట్ దగ్గర ఆడియో గైడ్ అడగండి.

బయటికొచ్చేటప్పుడు మెషిన్ ఇచ్చి ఐడీ కార్డు వెనక్కి తీసుకున్నారో లేదో చూసుకోండి, స్టేషన్‌కి ఆటో ఎక్కాక గుర్తొస్తే చాలా ఇబ్బంది. గ్రూప్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌లు ఆ రాత్రే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, వస్తువు పేరు, మ్యూజియం పేరు, చెప్పినవాళ్ళ పేరు ఫైల్‌కి పెట్టండి, ఫోన్ మారిస్తే వాట్సాప్‌లోవి పోవచ్చు. ఇచ్ఛాపురంలోనో పర్లాకిమిడిలోనో ఉన్న చుట్టాలు వచ్చే దసరా సెలవులకి వెళ్తామంటే ఆ ఫోల్డర్ లింక్ పంపేయండి, వాళ్ళు ఇంకో రెండు వస్తువులు కలిపి తిరిగి పంపాలి అన్న షరతు మీద.